చలి పూయించే పూలు: హిమాచల్ కొండల్లో పాత యాపిల్ చెట్ల వసంతం

ఉగాది నాటికి మన మామిడి పూత ముగిసిపోయి పిందెలు కాయలవుతుంటాయి. వసంతం అంటే మనకు లేత చిగురు, వేపపూత, అప్పుడే ముదురుతున్న ఎండ. సరిగ్గా అవే రోజుల్లో హిమాచల్ ప్రదేశ్‌లో, సిమ్లా దాటాక సట్లెజ్ లోయ మీదుగా ఉండే కోట్‌గఢ్, థానేదార్ ఊళ్ళ తోటల్లో యాపిల్ చెట్లు మొగ్గ దశలో ఉంటాయి. ఏప్రిల్ వచ్చాక విచ్చుకుంటాయి. దూరంగా మంచు కరగని శిఖరాలు, కింద మెట్లు మెట్లుగా దిగే పొలాలు, నాచు పట్టి వంకర్లు తిరిగిన ముదురు కొమ్మల మీద తెలుపూ గులాబీ కలిసిన పూత. అయిదేళ్ళ మొక్క కూడా పూస్తుంది కానీ, అరవై ఏళ్ళ మాను పూసినప్పుడు ఉండే నిండుదనం దానికి రాదు.

ఆ పూతను చూసి అందరూ వసంతాన్ని మెచ్చుకుంటారు. ఆ అందంలో వసంతం వాటా నిజానికి చాలా తక్కువ. అది కిందటి వేసవిలో మొదలై, శీతాకాలమంతా సాగి, ఏళ్ళ తరబడి పెరిగిన పాత కొమ్మ మీద బయటపడే పని. ఇది తెలిస్తేనే ఆ కొండల్లో ఇప్పుడు ఏం మారుతోందో, పాత చెట్లు కొట్టేస్తే ఏం పోతుందో అర్థమవుతుంది.

పువ్వు దగ్గరే మొదలుపెడదాం. యాపిల్ పువ్వు ఒంటరిగా రాదు. ఒక్కో మొగ్గలోంచి అయిదారు పూల గుత్తి వస్తుంది. గుత్తి మధ్యలో ఉన్న పువ్వు ముందు విచ్చుకుంటుంది, పెద్ద కాయ సాధారణంగా దాన్నుంచే వస్తుంది. మొగ్గగా ఉన్నప్పుడు ముదురు గులాబీ రంగు. రేకల బయటి వైపున ఉండే ఆ రంగు, పువ్వు తెరుచుకునే కొద్దీ లోపలి తెలుపుకు వెనక దాగిపోతుంది. అందుకే ఒకే చెట్టు మీద ఒకే రోజు మూడు నాలుగు ఛాయలు కనిపిస్తాయి. తోటల వాళ్ళు ఈ దశలన్నిటినీ ఇంగ్లీషు పేర్లతోనే పిలుస్తారు: గ్రీన్ టిప్, పింక్ బడ్, ఫుల్ బ్లూమ్, పెటల్ ఫాల్. మందు ఎప్పుడు కొట్టాలన్నదంతా ఈ పేర్ల మీదే నడుస్తుంది. పూత నిండుగా ఉన్నప్పుడు పురుగుమందు కొట్టకూడదు, తేనెటీగలు చస్తాయి.

ఆ మొగ్గ తయారైంది మాత్రం కిందటి ఏడు, పూత రాలాక కొన్ని వారాలకే. చెట్టు మీద కాయలు ఇంకా చిన్నగా ఉన్నప్పుడే, వచ్చే ఏడు ఏ మొగ్గ పువ్వు కావాలి, ఏది ఆకుగా మిగలాలి అన్నది తేలిపోతుంది. లేత కాయల్లోని గింజల నుంచి వచ్చే జిబ్బరెలిన్ అనే హార్మోన్ పక్కనున్న మొగ్గల్ని పూమొగ్గలు కానివ్వదు. కాబట్టి ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు పూత తగ్గిస్తుంది. మన మామిడి రైతులకు బాగా తెలిసిన ‘ఏడు విడిచి ఏడు కాపు’ ఇక్కడా ఉంది. ఒక కొండవాలు ఈ ఏప్రిల్‌లో తెల్లగా మెరిసిపోయిందంటే, కిందటేడు అక్కడి రైతుకు కాపు అంతంతమాత్రంగా వచ్చి ఉండవచ్చు. చూసేవాళ్ళకు ఈ సంగతి తట్టదు.

పూలు వచ్చేది కూడా కొత్త రెమ్మల చివర కాదు, ఎక్కువగా పాత కొమ్మల మీదుండే పొట్టి కణుపుల నుంచి. హిమాచల్ తోటల్లో వీటిని బీమా అంటారు. ఏడాదికి కొద్దిపాటి పొడవే పెరుగుతూ, ముడతలు ముడతలుగా గట్టిపడుతూ, ఏళ్ళ తరబడి అదే చోట పూస్తాయి. పాత చెట్టు పూత అంత దట్టంగా, కొమ్మకే అతుక్కుని ఉన్నట్టు కనిపించడానికి కారణం ఇదే. ఫోటో కోసం పూల రెమ్మను విరిచిన పర్యాటకుడు ఆ ఏటి పూలతో పాటు ఎన్నో ఏళ్ళుగా తయారైన బీమాను, దాని మీద రాబోయే కాపులన్నిటినీ తీసుకుపోతాడు. తోటలోకి కొత్తవాళ్ళను రానివ్వడానికి రైతులు వెనకాడితే తప్పు పట్టలేం.

ఇక చలి సంగతి. ఈ పూత కథలో అసలు పాత్ర దానిదే.

శరదృతువు చివర ఆకు రాల్చాక యాపిల్ మొగ్గ నిద్రలోకి వెళ్తుంది. ఆ తర్వాత ఎండ కాసినా లేవదు. జనవరిలో నాలుగు వెచ్చటి రోజులు రాగానే లేచిందంటే ఫిబ్రవరి మంచుకు చచ్చిపోతుంది. కాబట్టి నిర్ణీతమైనంత చలి గడిచేదాకా మొగ్గ లోపలి తాళం తెరుచుకోదు. దీన్ని గంటల్లో కొలుస్తారు. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే తక్కువగా ఉన్న గంటలే చిల్లింగ్ అవర్స్. హిమాచల్‌లో పేరున్న రాయల్ డెలీషియస్ లాంటి రకాలకు ఇలాంటి గంటలు వెయ్యికి పైగా కావాలి. గడ్డకట్టించే చలి కంటే, సున్నాకు కాస్త పైన నిలకడగా ఉండే చలి ఈ లెక్కకు బాగా పనికొస్తుంది. ఆ కోటా నిండాకే మొగ్గ వెచ్చదనానికి స్పందిస్తుంది. అక్కణ్ణుంచి ఎంత ఎండ పడితే అంత త్వరగా పూస్తుంది.

చలి చాలకపోతే చెట్టు చావదు, పూత చెడుతుంది. కొన్ని మొగ్గలు ముందు, కొన్ని రెండు వారాల తర్వాత, కొన్ని అసలే రావు. పువ్వుకు ముందే ఆకు కమ్మేస్తుంది. ఒక్కసారిగా కొండంతా విరబూసే దృశ్యం ఉండాలంటే శీతాకాలం తన పని పూర్తిగా చేసి ఉండాలి. పలచగా, విడతలు విడతలుగా వచ్చిన పూత చూస్తే ఆ ఏడు చలి తగ్గిందని అక్కడి పెద్దవాళ్ళు ఏ పరికరమూ లేకుండా చెప్పగలరు. మంచు కురిస్తే సంతోషించేది కూడా ఇందుకే. అది మెల్లగా కరుగుతూ వాలు నేలల్లోకి తేమను దింపుతుంది. అక్కడ మంచును ‘సఫేద్ ఖాద్’, అంటే తెల్ల ఎరువు అంటారు.

కొండల వసంతానికి మైదానంలో దొరకని గుణం ఇంకొకటి ఉంది. అది ఎక్కుతుంది. అమెరికా కీటక శాస్త్రవేత్త ఆండ్రూ హాప్కిన్స్ 1918లో ఒక లెక్క చెప్పాడు: మిగతావన్నీ సమానంగా ఉంటే, ప్రతి 400 అడుగుల ఎత్తుకు వసంతం నాలుగు రోజులు ఆలస్యమవుతుంది. కొండ ముఖం ఎటు తిరిగి ఉంది, లోయలో చలిగాలి ఎక్కడ నిలుస్తుంది అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది కానీ, అంచనాకు బాగానే పనికొస్తుంది. 1,500 మీటర్ల దగ్గర మార్చి చివర్లో పూసిన చెట్టుకూ, 2,700 మీటర్ల దగ్గరి చెట్టుకూ ఈ లెక్కన దాదాపు నలభై రోజుల తేడా. కింద తోటల్లో రేకలు రాలి పిందె కడుతుంటే, హిమాచల్ ఎగువ జిల్లా కిన్నౌర్‌లో దాదాపు 2,900 మీటర్ల ఎత్తునున్న కల్పా పరిసరాల్లో పూత అప్పుడు మొదలవుతుంది. పూత తప్పిపోయిందని బాధపడేవాళ్ళు ఇంకాస్త పైకి వెళ్తే చాలు.

చెట్ల మధ్య కూడా వరస ఉంది. బాదం, ఆప్రికాట్, ప్లమ్, పీచ్ ముందు. ఇవి ఆకు రాకముందే పూస్తాయి కాబట్టి బోడి కొమ్మల మీద పూత మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. తర్వాత బేరి. దాని పువ్వు స్వచ్ఛమైన తెలుపు, కేసరాల కొసలు ఎర్రన, వాసన మాత్రం అంత బాగుండదు. చివర యాపిల్. కిన్నౌర్‌లో అడవి ఆప్రికాట్‌ను చూలీ అంటారు. దాని పప్పు నుంచి తీసే చూలీ నూనెకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. లడాఖ్‌లో ఏప్రిల్‌లో ఆప్రికాట్ పూస్తే, చుట్టూ గడ్డిపోచ మొలవని రాతి కొండల మధ్య ఊరున్న చోటు మాత్రమే గులాబీ రంగులో కనిపిస్తుంది. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో వడ్డించే ఖుబానీ కా మీఠాలోని ఖుబానీ ఈ జాతి పండే, ఎండబెట్టినది. పక్కనే ఉన్న ఉత్తరాఖండ్‌లో చైత్ర సంక్రాంతి నాడు, అంటే మార్చి మధ్యలో, ఫూల్ దేయీ అనే పండుగ జరుపుకుంటారు. పిల్లలు తెల్లవారే బయల్దేరి పూలు కోసుకొచ్చి ఇంటింటి గడప మీద పెడతారు. బియ్యం, బెల్లం, డబ్బులు పుచ్చుకుంటారు. బురాంశ్ ఎరుపు, ప్యోలీ పసుపు, పీచ్ గులాబీ, ఆ వారం కొండల్లో ఏం పూసిందో గడపలే చెబుతాయి.

మళ్ళీ కోట్‌గఢ్‌కు వద్దాం. అక్కడి చెట్ల వయసులోనే ఒక చరిత్ర ఉంది. హిమాచల్‌లో యాపిల్ తోటల ప్రయత్నాలు 19వ శతాబ్దంలోనే మొదలయ్యాయి. 1870లో కెప్టెన్ ఆర్.సి. లీ కులూ లోయలోని బంద్రోల్‌లో తోట వేశాడు. ఆ ఇంగ్లీషు రకాల్లో పులుపు ఎక్కువ, ఇక్కడి జనం నాలుకకు అంతగా ఎక్కలేదు. మలుపు తిప్పినవాడు శామ్యూల్ ఇవాన్స్ స్టోక్స్. 1882లో ఫిలడెల్ఫియాలో పుట్టి, 1904లో కుష్ఠురోగుల సేవ కోసం ఈ కొండలకు వచ్చి, స్థానిక అమ్మాయిని పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయాడు. జాతీయోద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళాడు. తర్వాత హిందూమతం స్వీకరించి సత్యానంద్ స్టోక్స్ అయ్యాడు. 1916లో అమెరికా నుంచి తెప్పించిన డెలీషియస్ మొక్కలను థానేదార్ దగ్గర నాటాడు. తీయగా, ఎర్రగా, దూరం పంపినా నిలిచే ఆ కాయ ఆ కొండల బతుకునే మార్చేసింది. చుట్టుపక్కల రైతులను మొక్కలు నాటమని ప్రోత్సహించింది కూడా ఆయనే.

ఆ డెలీషియస్ పుట్టుక ఇంకా విచిత్రం. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జెస్సీ హయట్ అనే రైతు పొలంలో 1870ల్లో దానంతటది మొలిచిన చెట్టు అది. వరసలో లేదని ఆయన నరికేశాడు. మళ్ళీ మొలిచింది. మళ్ళీ నరికాడు. మళ్ళీ మొలిచాక ఇక వదిలేశాడు. యాపిల్ గింజ నాటితే తల్లి లాంటి చెట్టు రాదు, ప్రతి గింజ వేరే రకం. నచ్చిన చెట్టును నిలుపుకోవాలంటే కొమ్మ తెచ్చి అంటు కట్టడమొక్కటే దారి. కాబట్టి కోట్‌గఢ్‌లో పూసే డెలీషియస్ చెట్లన్నీ, వాటి నుంచి వచ్చిన రాయల్, రిచర్డ్ లాంటి రకాలతో సహా, జన్యుపరంగా దాదాపుగా హయట్ పొలంలోని ఆ ఒక్క చెట్టే. మాను వయసు అరవై అయినా, ఆ కొమ్మలో సాగుతున్న ప్రాణం వయసు నూటయాభై.

ఇందులో ఒక చిక్కుంది. యాపిల్ తన పుప్పొడితో తాను కాయదు. పువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే కీలాగ్రం మీద పడిన పుప్పొడి తనదేనని గుర్తిస్తే పువ్వు దాన్ని ఎదగనివ్వదు. రాయల్‌కు రిచర్డ్ పుప్పొడి వేసినా అంతే, రెండూ ఒకే చెట్టు పిల్లలు కదా. అంటే కనుచూపు మేర ఒకే రకం పూసిన కొండ ఎంత అందంగా ఉన్నా, దానంతట అది సరిగా కాయలేదు. వేరే రకం ఉండాలి, దాని పుప్పొడిని మోసుకొచ్చే తేనెటీగ ఉండాలి. స్టోక్స్ తర్వాత తెప్పించిన గోల్డెన్ డెలీషియస్ ఈ పనికి చక్కగా సరిపోయింది. అది కూడా అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో దానంతటది మొలిచిన చెట్టే.

అయితే మార్కెట్‌లో ఎర్ర కాయకున్న ధర పసుపు కాయకు లేదు. దాంతో చాలామంది గోల్డెన్‌ను తగ్గించి రాయల్ పెంచుకుంటూ పోయారు. తోటలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పరాగదాత చెట్లు, అంటే పుప్పొడినిచ్చే వేరే రకాలు, ఉండాలని ఉద్యాన నిపుణులు చెప్పే మాట వెనకబడింది. ఫలితంగా వసంతంలో ఒక దృశ్యం మామూలైంది: గోల్డెన్ లేదా అడవి యాపిల్ పూల రెమ్మలు కోసి, నీళ్ళు పోసిన సీసాల్లో పెట్టి, రాయల్ చెట్లకు వేలాడదీస్తారు. దీన్ని బొకే అంటారు. అద్దెకు తెచ్చిన తేనెటీగల పెట్టెలు తోటలో పెడతారు. చూడ్డానికి ఇదంతా ముచ్చటగానే ఉంటుంది, కానీ అది లోటును పూడ్చుకునే తంటా. పరాగ సంపర్కం ఎలా జరిగిందో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కాయ కొన్నవాళ్ళు కూడా తెలుసుకోవచ్చు. కాయను అడ్డంగా కోస్తే నక్షత్రంలా అయిదు గదులు కనిపిస్తాయి, గదికి రెండేసి గింజలు. గింజలు సరిగా కట్టని వైపు తరచూ కాయ ఎదగక ఒక పక్కకు వంకర పోతుంది. ఏప్రిల్‌లో ఆ పువ్వు మీద తేనెటీగ సరిగా వాలలేదని దాని అర్థం.

తేనెటీగకూ వాతావరణమే దిక్కు. సుమారు 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్నా, వాన పడుతున్నా అది గూడు దాటడానికి ఇష్టపడదు. కొండల్లోని దేశవాళీ తేనెటీగ, బయటి నుంచి వచ్చిన ఇటాలియన్ రకం కంటే కాస్త చల్లటి పొద్దుల్లోనూ పనికి బయల్దేరుతుంది. దాని గూళ్ళు పాత ఇళ్ళ గోడ తొర్రల్లో, ముసలి మానుల తొర్రల్లో ఉండేవి. తొర్ర పడిన చెట్టును పనికిరానిదిగా లెక్కకట్టేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

ఇప్పుడు కొండల్లో జరుగుతున్న పెద్ద మార్పు పాత చెట్లను తీసేయడమే. పాత తోటల్లోని చెట్లు గింజ నుంచి మొలిచిన వేరు మీద అంటు కట్టినవి. లోతుగా వేరు దింపుతాయి, నీటి వసతి లేకపోయినా వాలు మీద నిలబడతాయి, కానీ కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రంలో ఎంపికైన ఎమ్9 లాంటి, చెట్టును పొట్టిగా ఉంచే వేరు మీద కడితే రెండు మూడేళ్ళకే కాయలు వస్తాయి. హెక్టారుకు రెండు మూడు వందల చెట్లున్న చోట రెండు మూడు వేలు పెట్టవచ్చు. రంగు సమానంగా వస్తుంది, నిచ్చెన లేకుండా కోయవచ్చు. కానీ తీగల ఆసరా కావాలి, డ్రిప్ కావాలి, పెట్టుబడి కావాలి, ఆయుష్షు తక్కువ. రైతు ఎంపికను తప్పుపట్టే హక్కు మంచుకొండల అందం చూసి వెనక్కి వచ్చేవాళ్ళకు లేదు. ముసలి చెట్టు కాయ సైజు తగ్గి, కాన్కర్ తెగులు పట్టి, కోతకు మనిషి దొరక్క నష్టం తెస్తుంటే ఎంతకాలం మొయ్యగలడు? అయినా తేలిగ్గా ఉండదు. చెట్టు పీకిన గుంతలోనే కొత్త మొక్క పెడితే అది సరిగా ఎదగదు, పాత వేర్ల చుట్టూ పేరుకున్న సూక్ష్మజీవులు దాన్ని అణిచేస్తాయి. నేలకు విరామం ఇవ్వాలి, లేదా వరసల మధ్య కొత్తచోటు చూసుకోవాలి.

మరోవైపు చలి కిందినుంచి తగ్గుతూ వస్తోంది. కులూ లోయలో కింద భాగాన ఉన్న బజౌరా చుట్టుపక్కల రైతులు యాపిల్ వదిలి దానిమ్మ, జపానీ ఫల్ (పర్సిమన్), కూరగాయలకు మారారు. యాపిల్ కిన్నౌర్ పైభాగాలకు, ఇంకా ఎత్తైన స్పితి లోయకు ఎక్కింది. ఇక్కడ రెండు దెబ్బలు కలిసి పడుతున్నాయి. చలి చాలని ఏడు పూత విడతలుగా వస్తుంది. చలి చాలి, మార్చి ఎక్కువ వేడెక్కిన ఏడు పూత తొందరపడి వస్తుంది. పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు చూస్తే, 1901లో లెక్కలు మొదలయ్యాక అప్పటిదాకా దేశం మొత్తానికి అత్యంత వేడి మార్చి 2022దే. తొందరపడి పూశాక ఏప్రిల్‌లో ఒక్క రాత్రి చలి తిరగబడితే చాలు. నిద్రలో ఉన్న మొగ్గ మైనస్ ఇరవైకి దగ్గర చలిని కూడా తట్టుకుంటుంది. విచ్చుకున్న పువ్వు మైనస్ 2 దగ్గరే దెబ్బతినడం మొదలై, మైనస్ 4 దగ్గర దాదాపు అంతా పోతుంది. పైకి రేకలు తెల్లగానే ఉంటాయి. మధ్యలో కీలం నల్లబడి ఉంటుంది. వడగళ్ళు పడితే అది వేరే కథ. వాటిని ఆపడానికి తోటల మీద పరిచే వలల కింద పూత ఇప్పుడు చాలాచోట్ల దూరం నుంచి కనిపించదు కూడా.

తక్కువ చలితో కాసే రకాలు రాలేదా అంటే వచ్చాయి. హిమాచల్‌లోనే బిలాస్‌పూర్ జిల్లాలో, వేడి ప్రాంతంలో, హరిమన్ శర్మ అనే రైతు హెచ్ఆర్ఎమ్ఎన్-99 రకాన్ని తయారుచేసి 2025లో పద్మశ్రీ అందుకున్నారు. ఇలాంటి రకాలతో తెలంగాణలోని కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో కూడా యాపిల్ కాయించారు. రైతు పట్టుదలకు ఇది గొప్ప ఉదాహరణ. అయితే చలి అక్కర్లేని చెట్టు పూత, శీతాకాలమంతా ఆగి ఒక్కసారిగా విచ్చుకునే కొండవాలు పూతకు ప్రత్యామ్నాయం కాదు. అవి వేర్వేరు అవసరాలకు పుట్టినవి.

పాత చెట్ల విషయంలో చేయగలిగింది లేకపోలేదు. కోట్‌గఢ్ లాంటి చోట్ల చాలా తోటల్లో రైతులు ముసలి మానును పీకకుండా కొమ్మల్ని కోసి, వాటి మీదే కొత్త రకం అంటు కడతారు. శీతాకాలంలో తీసి చల్లగా దాచిన పెన్సిల్ మందం పుల్లల్ని మార్చిలో కడితే, లోతైన పాత వేరు ఆసరాతో రెండు మూడేళ్ళలో కాపుకు వస్తాయి. మానుకు సున్నం, మైలతుత్తం, అవిసె నూనె కలిపిన పూత పూసి తెగులును ఆపుతారు. చెట్టు చుట్టూ గుండ్రంగా తవ్విన పాదుల్లో, అక్కడి మాటలో తౌలియాల్లో, పశువుల ఎరువు వేసి మంచు నీటిని నిలుపుతారు. తోట అంతా మార్చక తప్పనప్పుడు కూడా, కనీసం పాత గోల్డెన్ చెట్లను, గట్ల మీది అడవి బేరి, అడవి యాపిల్ చెట్లను ఉంచితే బొకేలు కట్టే పని తప్పుతుంది. ఇవి ధర పలికే చెట్లు కావు కాబట్టి మొదట వీటినే కొట్టేస్తున్నారు. తోటల పునరుద్ధరణకు ఇచ్చే సబ్సిడీలను కొత్త మొక్కల సంఖ్యతో పాటు, నిలబెట్టిన పరాగదాత చెట్ల సంఖ్యతో కూడా ముడిపెడితే రైతుకు వాటిని ఉంచుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది.